రివాల్వరు మీద ఏ అంకె అసలు నంబరు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో గోడ గడియారాలూ గ్రామఫోన్లూ వెనక్కి తగ్గి పాత రివాల్వర్లు ముందుకు వచ్చాయి. అడిగిన తీరు వేరైనా అందరి సందేహమూ ఆ ఇనుము మీద కొట్టి ఉన్న అంకెల గురించే కాబట్టి, అన్నిటికీ ఒకేచోట జవాబిస్తున్నాను. ఉద్యోగ కాలమంతా పోలీసు ఆయుధాగారంలో, మా వాడుకలో చెప్పాలంటే ‘కోత్’లో, తుపాకుల నంబర్లను రిజిస్టరుతో సరిచూడటమే పనిగా గడిపినవాణ్ణి. చెప్పే తీరులో కొంత చాదస్తం కనిపిస్తే పాఠకులు మన్నించాలి.

ప్రశ్న: మా జేజినాయనకు .32 స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వరు ఉండేది. లైసెన్సు ఆయన పేరు మీదే ఉండేది. ఆయన పోయిన తరువాత రివాల్వరును స్టేషనులో అప్పగించి రసీదు తీసుకున్నాము. వారసుడిగా నా పేరిట లైసెన్సు కోరితే, పుస్తకంలో రాసిన నంబరూ పిడి అడుగున ఉన్న నంబరూ కలవడం లేదని కాగితాలు తిప్పి పంపారు. చూస్తే దాని మీద నాలుగైదు చోట్ల అంకెలు ఉన్నాయి. వీటిలో ఏది అసలు నంబరు? (ప్రొద్దుటూరు పాఠకుడు)

జవాబు: కాగితాలు తిప్పి పంపినవారు తమ పని తాము చేశారు, అంతమాత్రాన మీ జేజినాయన దగ్గర ఉన్నది దొంగ తుపాకీ అనుకోనక్కరలేదు. మీరు ఉత్తరంతో పంపిన కాగితం మీది అంకెలను, అవి ఎక్కడెక్కడ ఉన్నాయని మీరు రాసిన వివరాలతో కలిపి చూస్తే, జరిగినదేమిటో దాదాపు తెలిసిపోతున్నది. లైసెన్సు మొదట రాసిన రోజున ఎవరో తూటాలు పెట్టే సిలిండరును పక్కకు తెరిచి, అక్కడ కళ్ళకు ఎదురుగా కనిపించిన అంకెను పుస్తకంలో ఎక్కించారు. అది సీరియల్ నంబరు కాదు.

ఆ అంకె అక్కడ ఎందుకున్నదో చెప్పాలి. ఆ కాలపు రివాల్వర్లలో భాగాలను ఒకదానికొకటి చేత్తో ఆకురాయి పట్టి సరిపుచ్చేవారు. ఒక ఫ్రేముకు అమరిన పక్కపలక మరో ఫ్రేముకు అంత నునుపుగా అమరదు. అమర్చిన తరువాత మళ్ళీ విడదీసి, రంగు పట్టించడానికి పంపేవారు. తిరిగి కలిపేటప్పుడు ఏది దేనిదో పోల్చుకోవడానికి ఫ్రేము మీద, సిలిండరును మోసే చేయి మీద, పక్కపలక లోపలి వైపున ఒకే చిన్న అంకె కొట్టేవారు. మన వడ్రంగి తలుపు రెక్కకూ ద్వారబంధానికీ ఒకే గీత గీసి పెట్టుకుంటాడే, సరిగ్గా అలాంటిదే. కూర్పు నంబరు అనుకోండి. పని ముగిసిన తరువాత దానితో కంపెనీకి గాని, ప్రభుత్వానికి గాని పని లేదు. అదే అంకె వేరే రివాల్వర్ల మీద కూడా ఉండవచ్చు.

అసలు నంబరు పిడి అడుగున, అంటే రివాల్వరును నిలబెట్టి పట్టుకుంటే నేలవైపు చూసే ఇనుప పట్టీ మీద ఉంటుంది. మీ రివాల్వరు కాలానికి చెందిన స్మిత్ అండ్ వెస్సన్లలో అదే నంబరును సిలిండరు వెనుక ముఖం మీద, గొట్టం అడుగు భాగాన ఖాళీ తూటాలను తోసే కడ్డీ ఒదిగే గాడి దగ్గర కూడా కొట్టేవారు. కుడివైపు చెక్కపిడి ఊడదీసి లోపలి వైపు చూస్తే అక్కడ కూడా పెన్సిలుతోనో, ముద్రగానో అదే నంబరు కనిపిస్తుంది. ఈ చోట్లన్నిటా ఒకే అంకె ఉంటే, ఏ భాగమూ మారకుండా కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్నదన్నమాట. గొట్టం మీద వేరే అంకె ఉంటే మధ్యలో ఎప్పుడో గొట్టం మార్చారు. పిడి అడుగున నంబరు పక్కన చిన్న నక్షత్రం కొట్టి ఉంటే, ఒకసారి కంపెనీకి తిరిగి వెళ్ళి మరమ్మతు చేయించుకొని వచ్చినదని గుర్తు. ఇవేవీ మీరు స్వయంగా విప్పి చూడవలసినవి కావు. తుపాకీ ఇప్పుడు స్టేషను అధీనంలో ఉన్నది కాబట్టి, జిల్లా సాయుధ దళంలోని ఆర్మరర్ (ఆయుధాలు చూసే నిపుణుడు) చేత పరీక్ష చేయించమని రాతపూర్వకంగా కోరండి.

గొట్టం పైభాగాన పొడవుగా ఉన్న అంకెలను మీరు తేదీలేమోనని అనుమానించారు. తేదీలే, కానీ రివాల్వరు పుట్టిన తేదీలు కావు. కంపెనీ పేరు, ఊరు తరువాత వరుసగా ఉన్నవి పేటెంట్లు పొందిన రోజులు. 1906 ఫిబ్రవరి 6, 1909 సెప్టెంబరు 14, 1914 డిసెంబరు 29 అన్న మూడూ కలిసి ఉన్న గొట్టాలను నేనే ఎన్నో చూశాను. చివరి తేదీ 1914 కాబట్టి అది ఆ తరువాత తయారైనదని మాత్రమే తేలుతుంది. 1914లో తయారైనదని కాదు. ఒక లైసెన్సు పుస్తకంలో నంబరు గడిలో ఈ తేదీ అంకెలనే విరామం లేకుండా కలిపి రాసి ఉండగా చూశాను. దానితో పోలిస్తే మీ ఇంటి పొరపాటు చిన్నదే.

ఇక దిద్దుబాటు సంగతి. మన సీమలో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులు స్టేషనుకు చేరడం, ఫలితాలు వచ్చాక ఇళ్ళకు తిరిగిరావడం మామూలే. ఆ అప్పగింత రసీదులు మీ ఇంట్లో ఎక్కడో బీరువా అడుగున కట్టగట్టి ఉంటాయి. వాటన్నిటినీ తీయండి. ఒక్కోసారి ఒక్కో కానిస్టేబులు రాసి ఉంటాడు. ఒకడు పుస్తకంలోది చూసి దించి ఉంటాడు, ఇంకొకడు పిడి తిప్పి చూసి అసలు నంబరు వేసి ఉంటాడు. ఒకే ఇంటి నుంచి, ఒకే లైసెన్సు మీద, ఒకే కొలత (.32 లాంటిది, అంటే గొట్టం రంధ్రపు వెడల్పు) రివాల్వరు ఒక ఏడు ఈ నంబరుతోనూ, మరో ఏడు ఆ నంబరుతోనూ స్టేషనుకు వచ్చిందని ఆ రసీదులే చెబితే, రెండు అంకెలూ ఒకే తుపాకీవని తేల్చడానికి అంతకు మించిన సాక్ష్యం అరుదు. వాటితోపాటు తుపాకుల దుకాణం ఇచ్చిన పాత బిల్లు, తూటాలు కొన్న రసీదులు, ఆర్మరర్ నివేదిక జతచేసి, లైసెన్సు ఇచ్చే అధికారి అయిన కలెక్టరుకు నంబరు సవరణ కోసం దరఖాస్తు పెట్టండి. 2016 నాటి ఆయుధ నియమావళిలో వారసత్వ లైసెన్సుకు ప్రత్యేకంగా వీలు ఉన్నది. మిగతా వారసుల నిరభ్యంతర పత్రం దానికి కావాలి. సవరణ ముందు, వారసత్వం తరువాత అన్న వరుసలో నడిపిస్తే చిక్కు తగ్గుతుంది.

సవరణ అర్జీలో ఒక్క నంబరు రాసి ఊరుకోవద్దు. ఆ కంపెనీ రకానికొక వరుసలో నంబర్లు వేసింది. ఒకే అంకె .32 మీదా ఉండవచ్చు, .38 మీదా ఉండవచ్చు. తయారీదారు, కొలత, గొట్టం పొడవు, నంబరు నాలుగూ కలిస్తేనే ఒక రివాల్వరుకు చిరునామా ఏర్పడుతుంది.

పుస్తకంలో ఉన్న నంబరునే పిడి మీద కొట్టిస్తే సరిపోతుంది కదా అని ఎవరో సలహా ఇచ్చారని ఉత్తరం చివర రాశారు. ఆ సలహా ఇచ్చినవారికి దూరంగా ఉండండి. కారణం ఆదోని పాఠకుడికి ఇచ్చిన జవాబులో చదవండి.

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారు. ఆయన లైసెన్సు మీద ఉన్న .38 వెబ్లీ రివాల్వరు మీద బాణం గుర్తులు, కిరీటాలు, ‘వార్ ఫినిష్’ అన్న మాట, ‘.767’, ‘3½ టన్నులు’ అన్న అంకెలు ఉన్నాయి. టన్నులేమిటో మాకు అంతుబట్టలేదు. వీటిలో నంబరు ఏది? (తాడిపత్రి పాఠకురాలు)

జవాబు: వీటిలో ఏదీ కాదు. వెబ్లీ నంబరు ఫ్రేముకు కుడివైపున, ట్రిగ్గరుకు పైన ఉండే సమతలం మీద వెతకండి. సిలిండరు మీద కూడా అదే ఉండాలి.

మీరు అడిగిన గుర్తులు మాత్రం నంబరు కన్నా ఎక్కువ కథ చెబుతాయి. వెడల్పు బాణం గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు వేసే ముద్ర. బాణం కింద ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ఉంటే భారత ప్రభుత్వపు లెక్కలోకి వచ్చిన ఆయుధం. రెండు బాణాలు మొనకు మొన తాకేటట్టు ఎదురెదురుగా ఉంటే, సైన్యం దాన్ని లెక్కలోంచి తీసివేసి అమ్మివేసిందని అర్థం. మీ తాతగారి కాగితాలతో పాటు ఈ గుర్తునూ దగ్గరగా ఫొటో తీసి ఉంచండి. సైన్యపు సొత్తు ప్రైవేటు చేతికి సక్రమంగానే వచ్చిందనడానికి అది కూడా ఒక ఆధారం. ‘వార్ ఫినిష్’ అంటే యుద్ధకాలపు తొందరలో మెరుగు సరిగా పెట్టలేదని కంపెనీ తనకు తానుగా ముందే చెప్పుకున్న సంజాయిషీ. ఆకురాయి గీతలు కనిపించే ఇనుము మీద తన పేరు వేసుకోవడం ఆ కంపెనీకి నామోషీగా తోచి ఉంటుంది.

కిరీటాలు బర్మింగ్‌హామ్ పరీక్షాలయానివి. అక్కడ 1813లో చట్టం ద్వారా ఏర్పడిన ఆ సంస్థ, మామూలు కన్నా ఎక్కువ మందు దట్టించిన తూటాతో ప్రతి గొట్టాన్నీ పేల్చి చూసి, తట్టుకున్నదాని మీద ముద్ర వేస్తుంది. కిరీటం కింద ‘బీపీ’, ‘బీవీ’, ‘ఎన్‌పీ’ అన్న అక్షరాలు ఉంటే ఆ ముద్ర 1904 తరువాతిది; అంతకు ముందు కిరీటంతో పాటు అడ్డంగా పెట్టిన రాజదండాలు ఉండేవి. సిలిండరులోని ఒక్కొక్క గదికీ విడిగా ముద్ర పడుతుంది కాబట్టి ఒకే గుర్తు చుట్టూ ఆరుసార్లు కనిపిస్తే కంగారుపడకండి. ‘.767’ అన్నది తూటా కోపు, అంటే మందు నింపే లోహపు తొడుగు పొడవు, అంగుళాల్లో. ‘3½ టన్నులు’ అన్నది చదరపు అంగుళానికి ఆ రివాల్వరు తట్టుకోగల ఒత్తిడి. సైన్యం అమ్మివేసిన రివాల్వర్లను బజారులోకి వదిలే ముందు మళ్ళీ పరీక్షించి ఈ అంకెలు వేశారు. అందుకే పరీక్ష ముద్ర వయస్సు, తుపాకీ వయస్సు ఒకటే కానక్కరలేదు.

మొదటి జవాబులో గొట్టం మీది పేటెంటు తేదీలను నమ్మవద్దన్నాను. వెబ్లీ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట తిరగబడుతుంది. 1915లో సైన్యం స్వీకరించిన .455 వెబ్లీ మార్క్ 6 ఎడమవైపున ‘పేటెంట్స్’ అన్న మాట కింద 1916 అనో 1917 అనో ఉంటుంది. అది తయారైన సంవత్సరమే. ఎన్‌ఫీల్డు ప్రభుత్వ కర్మాగారం చేసిన రివాల్వర్లయితే కుడివైపున కిరీటం, కర్మాగారం పేరు, నమూనా, సంవత్సరం వరుసగా ఉంటాయి. అక్కడ ఊహించవలసినదేమీ లేదు.

మీరు అడగకపోయినా ఒక మాట. సైన్యపు .380, .455 తూటాలు పట్టే రివాల్వర్లు మన చట్టంలో నిషిద్ధ కొలత కిందికి వస్తాయి. వాటి విషయంలో అనుమతి కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది, కలెక్టరు సంతకంతో పని పూర్తికాదు. మీ తాతగారి లైసెన్సులో కొలత గడిలో ఏమి రాశారో ముందు చూడండి.

ప్రశ్న: మా రివాల్వరు నంబరు తుప్పు పట్టి సగం చెరిగిపోయింది. ఎమరీ కాగితంతో రుద్ది, తెలిసినవారి చేత మళ్ళీ లోతుగా కొట్టించవచ్చా? (ఆదోని పాఠకుడు)

జవాబు: కూడదు. 1959 ఆయుధ చట్టం 8వ సెక్షను ప్రకారం తుపాకీ మీది పేరును గాని, నంబరును గాని, మరే గుర్తును గాని చెరపడం, తీసివేయడం, మార్చడం, దొంగముద్ర వేయడం నేరం. అంతకన్నా గట్టి మాట అదే సెక్షనులో ఇంకొకటి ఉన్నది. నంబరు చెరిపిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే, కాదని నిరూపించుకునేంత వరకు, చెరిపినది వారేనని భావిస్తారు. సదుద్దేశంతో పట్టిన ఎమరీ కాగితం గీతకూ, దురుద్దేశంతో పట్టిన ఆకురాయి గీతకూ ఇనుము మీద తేడా కనబడదు.

చదవడానికి వేరే మార్గాలున్నాయి. లైసెన్సుదారు సమక్షంలో, సిలిండరు ఖాళీ అని కళ్ళతో చూసుకున్న తరువాతనే మొదలుపెట్టాలి. మెత్తని గుడ్డకు కొంచెం నూనె అద్ది ఆ చోటును తడిపి, పైపై తుప్పు మెత్తబడ్డాక తుడవండి. తీగ బ్రష్షు, ఇసుక కాగితం దగ్గరికి రానివ్వవద్దు. ఆరిన తరువాత బడి సుద్దముక్కను దాని మీద అడ్డంగా రుద్ది, వేలికి గుడ్డ చుట్టి పైన మాత్రమే తుడిస్తే గుంటల్లో తెలుపు మిగిలి అంకెలు తేలతాయి. అప్పటికీ తేలకపోతే గది చీకటి చేసి, టార్చి వెలుగును ఎదురుగా కాకుండా పక్క నుంచి, ఇనుమును ఒరుసుకుంటూ పోయేటట్టు వేయండి. నాలుగు వైపుల నుంచీ వేసి చూడాలి; ఒక వైపు నుంచి 3గా కనిపించినది మరో వైపు నుంచి 8 అవుతుంది. పలుచటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దడం, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద రుద్దినట్టు, ఇప్పటికీ నాకు ఎక్కువ నమ్మకమైన పద్ధతి. ఆ కాగితాన్ని అర్జీకి జత చేయవచ్చు కూడా.

ఏమీ కనిపించకపోతే పని మీది కాదు. అంకె కొట్టినప్పుడు దెబ్బ తగిలిన చోట పైపొర కిందనున్న లోహం కూడా నలిగి గట్టిపడుతుంది కాబట్టి, పైన అరిగిపోయినా ఫోరెన్సిక్ ప్రయోగశాలవారు రసాయనాలతో ఆ నలుగుడును బయటికి తేగలరు. ఎంత ఎక్కువ రుద్దితే వారికి అంత తక్కువ మిగులుతుంది.

ప్రశ్న: నంబరు చూసి ఏ సంవత్సరానిదో చెప్పగలరా? (గుంతకల్లు పాఠకుడు)

జవాబు: ఉరామరిగా చెప్పవచ్చు, ముందు నంబరు పూర్తిగా రాసి పంపితే. మీరు మూడంకెలే పంపారు. మీది కోల్ట్ కాబట్టి, సిలిండరు తెరిచినప్పుడు ఫ్రేము మీద కనిపించే నంబరు చోటు చాలక రెండు వరుసలుగా విరిగి ఉంటుంది. మీరు కింది వరుసను మాత్రమే దించుకున్నట్టున్నారు. కోల్ట్‌లో ఆ చోటే అసలు నంబరు చోటు, స్మిత్ అండ్ వెస్సన్‌లో అదే చోటు కూర్పు నంబరుది. ఈ ఒక్క తేడా తెలియకనే సగం తప్పులు. నంబరు ముందున్న అక్షరాన్ని కూడా వదలవద్దు. స్మిత్ అండ్ వెస్సన్ .38 వరుస పది లక్షలకు చేరుకున్నప్పుడు, 1942లో, ‘వి’ అక్షరంతో మళ్ళీ మొదటి నుంచి లెక్క పెట్టారు. ‘వి’ వదిలేస్తే దశాబ్దాలు వెనక్కి పోతారు. ఆ పైన నంబర్ల వరుస ఎప్పుడూ కాలక్రమం కాదు. ముందు నంబరు కొట్టిన ఫ్రేము గోదాములో ఉండిపోయి, తరువాతి నంబరు ముందే అమ్ముడుపోవడం సర్వసాధారణం. కచ్చితమైన తేదీ కావాలంటే కంపెనీల పాత రికార్డుల నుంచి రుసుము తీసుకొని ఉత్తరం ఇచ్చే ఏర్పాటు ఆ రెండు అమెరికా కంపెనీల విషయంలోనూ ఉన్నది.

ప్రశ్న: నంబరు వల్ల చరిత్రలో ఏదైనా నిజంగా తేలిందా, లేక ఇది కార్యాలయాల పట్టింపేనా? (కడప, చరిత్ర విద్యార్థిని)

జవాబు: రెండు ఉదాహరణలు చెబుతాను. రెండూ రివాల్వర్లు కావు, పిస్టళ్ళు. విషయం మాత్రం ఇదే.

1914 ఆగస్టు 26న కలకత్తాలో రొడ్డా అనే ఆయుధాల కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్ పిస్టళ్ళు, 46,000 తూటాలు విప్లవకారుల చేతికి చేరాయి. ఆ పిస్టళ్ళ నంబర్లన్నీ కంపెనీ దగ్గర రాసి ఉండటం వల్ల, తరువాత ఎక్కడ ఒక మౌజర్ పట్టుబడినా అది ఆ యాభైలోనిదా కాదా అని పోలీసులు వెంటనే తేల్చగలిగారు. నాలుగేళ్ళ తరువాత వచ్చిన రౌలట్ కమిటీ నివేదిక, వాటిలో 44 తొమ్మిది బృందాలకు పంపిణీ అయ్యాయని, 54 ఘటనల్లో వాడుకయ్యాయని లెక్కకట్టింది.

రెండోది భగత్‌సింగ్ పిస్టలు. 1928 డిసెంబరు 17న లాహోరులో పోలీసు అధికారి సాండర్స్ మీద పేలిన .32 కోల్ట్ ఆటోమేటిక్, కేసు ముగిసిన తరువాత చేతులు మారి, పంజాబులోని ఫిలౌర్ పోలీసు శిక్షణ కేంద్రం నుంచి ఇందోరులోని సరిహద్దు భద్రతా దళం వారి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ప్రదర్శనలోని మిగతా తుపాకులతో పాటు రంగు పూసుకొని, పేరూ ఊరూ లేకుండా ఏళ్ళ తరబడి పడి ఉన్నది. రంగు తీసి చూస్తే 168896 అన్న అంకె బయటపడింది. అది కేసు కాగితాల్లోని అంకె. ఇప్పుడు ఆ పిస్టలు పంజాబు సరిహద్దులోని హుస్సేనీవాలాలో ఉన్నది. పూసినవారు రంగుతో సరిపెట్టారు గనుక దొరికింది. ఆకురాయి పట్టి మెరుగుపెట్టి ఉంటే, అది వందల కోల్టుల్లో ఒక కోల్టుగా అక్కడే ఉండిపోయేది.

ప్రశ్న: గొట్టం మీద స్మిత్ అండ్ వెస్సన్ పేరు ఉన్నది, కానీ మీరు గతంలో చెప్పిన ఏ చోటా నంబరు లేదు. మోసపోయామా? (హిందూపురం పాఠకుడు)

జవాబు: మీరు పంపిన ఫొటోలో ఆ పేరు ముందున్న చిన్న అక్షరాలను భూతద్దంతో చదవండి. ‘స్మిత్ అండ్ వెస్సన్ తూటాలకు’ అన్న అర్థం వచ్చే మాటలు ఉన్నాయి. ఏ తూటా వాడాలో చెప్పే వంకతో పెద్ద కంపెనీ పేరును పెద్ద అక్షరాల్లో వేసుకోవడం స్పెయిన్‌లోని ఐబార్ పట్టణపు చిన్న కర్మాగారాలకు ఒకప్పుడు బాగా అలవాటు. బెల్జియంలోని లియేజ్‌లో కూడా ఇలాంటి నకళ్ళు తయారయ్యాయి గాని, వాటి మీద కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ‘ఈఎల్‌జీ’ అక్షరాలు, కింద నక్షత్రం ఉంటాయి. మీ ఫొటోలో అది లేదు. ఇలాంటివాటికి నంబరు ఫలానా చోటే ఉంటుందన్న నియమం లేదు. పిడి ముందువైపు పట్టీ, ఫ్రేము పక్కభాగం, చెక్కపిడి కింద అన్నీ వెతికించండి. లైసెన్సులో తయారీదారు గడిలో అమెరికా కంపెనీ పేరు రాసి ఉంటే, నంబరుతో పాటు దాన్నీ ఒకే అర్జీలో సరిచేయించుకోండి.